బియ్యపుగింజంత చిల్లు

వేటకెళ్లేవాళ్లూ, జీడితోటల్లో పనిచేసేవాళ్లూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ ఈ కాసేపు నా మాట వినాలి.

భావనపాడు వైపు నుంచి ఒకాయన మా వార్డుకొచ్చాడు. వల దులుపుతుంటే టేకు చేప తోక విసిరి పాదంలో ముల్లు దింపింది. చూడబోతే బియ్యపుగింజంత చిల్లు. కాఫీపొడి అద్ది, గుడ్డ చుట్టి, నాలుగు రోజులు నెట్టుకొచ్చాడు. ఐదోరోజుకి కాలు పిక్కదాకా పొంగింది. చిల్లు చుట్టూ చర్మం నేరేడుపండు రంగుకి తిరిగింది. కేసు షీటులో ‘పంక్చర్ వూండ్, నెక్రోసిస్’ అని రాసి, కింద ‘డీబ్రైడ్‌మెంట్’ అన్నాం. అదేమిటని వాళ్లావిడ అడిగితే ఎవరో “మాంసం కోసేస్తారమ్మా” అనేశారు. ఆవిడ ఒప్పుదల కాగితం మీద వేలిముద్ర వెయ్యనంది. తప్పు ఆవిడది కాదు, మేం సగం మాటే చెప్పాం.

మిగతా సగం ఇది. కత్తిపీటతో తెగితే గాయానికి పొడవెక్కువ, లోతు తక్కువ. దాన్ని ఇన్‌సైజ్డ్ వూండ్ అంటారు. రక్తం ధారకట్టినా, కడిగితే అడుగుదాకా కనబడుతుంది. ముల్లో, మేకో, వెదురుపేడో దిగితే నోరు చిన్నది, లోతెక్కువ. అదే పంక్చర్. పైచర్మం మూసుకుపోతుంది, మట్టీ విరిగిన ముక్కా లోపలే ఉండిపోతాయి. పొట్టమీదో ఛాతీమీదో గాయానికి ‘పెనెట్రేటింగ్’ అని రాస్తే, లోపలి అవయవాలున్న చోటుదాకా దిగిందని అర్థం. పైకి చుక్క రక్తం లేకపోయినా ఆ మాట రాశారంటే మనిషిని ఇంటికి తీసుకుపోకండి.

ఇక నెక్రోసిస్. రక్తనాళాలు నలిగి, వాపు బిగిసి, రక్తం అందక మాంసం చచ్చిపోవడం. చచ్చిన మాంసాన్ని కోస్తే రక్తం రాదు. మనమిచ్చే మందు రక్తంలోనే కదా ప్రయాణించాలి! రక్తం వెళ్లని చోటికి ఎంత ఖరీదైన ఇంజెక్షనూ చేరదు, చీముకి మాత్రం అదే ఇల్లు. అందుకని రక్తం కారే ఎర్రమాంసం తగిలేదాకా తీసి, అక్కడ ఆపుతారు. డీబ్రైడ్‌మెంట్ అంటే అంతే. “చచ్చింది తీస్తాం, బతికింది ముట్టుకోం” అని చెప్పాక ఆవిడ వేలిముద్ర వేసింది.

టేకు ముల్లుకి రెండంచులా రంపపు పళ్లుంటాయి, అవి వెనక్కి తిరిగి ఉంటాయి. దిగేటప్పుడు పొడుస్తుంది, లాగేటప్పుడు చీరుస్తుంది. పైపొరలో విషం. కాలికో చేతికో గుచ్చుకుంటే, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో అరగంట నుంచి గంటన్నర ఉంచండి, పోటు తగ్గుతుంది. ఆ వేడి ముందు పక్కమనిషి చెయ్యిపెట్టి చూడాలి, నొప్పిలో ఉన్నవాడికి కాలినా తెలియదు. తర్వాత ఆసుపత్రికి రావాలి, ముక్క లోపల మిగిలిందేమో చూడాలి. ఛాతీలోనో, పొట్టలోనో, మెడలోనో దిగితే మాత్రం లాగొద్దు. తెగిన రక్తనాళానికి ఆ ముల్లే బిరడా అయి ఉండొచ్చు. కదలకుండా చుట్టూ గుడ్డ దోపి 108కి ఫోన్ చెయ్యండి. 2006లో ఆస్ట్రేలియాలో స్టీవ్ ఇర్విన్ అనే పేరుపొందిన జంతు ప్రేమికుడు ఛాతీలో దిగిన టేకు ముల్లుతోనే చనిపోయాడు.

సముద్రం మీద టేకు భయమైతే, జీడితోటల ఉద్దానంలో భయం ఎలుగుబంటిది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు ఒకరిని చంపి, మరికొందరిని గాయపరిచింది. ఎలుగు గోరు చీరుస్తుంది, అది లాసరేషన్. పన్ను గుచ్చుతుంది, అది పంక్చర్. పైన వేలాడే చర్మం చూసి అందరూ హడలిపోతారు, పక్కనున్న పంటిగాటుని ఎవరూ పట్టించుకోరు. దాన్నీ సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, దానికీ రేబిస్ టీకా కావాలి, గాయంలోకే ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ కావాలి. అలాంటి గాయానికి వెంటనే కుట్లు వెయ్యలేదని డాక్టర్లతో గొడవపడకండి.

గాలి చొరబడని లోతే ధనుర్వాతం క్రిమికి అనువైన చోటు. అందుకే చిల్లు ఎంత చిన్నదైనా టీడీ ఇంజెక్షన్ సంగతి అడగండి. పసుపు, సున్నం, బూడిద కూరొద్దు.

రెండువారాలకి ఆ భావనపాడు ఆయన పాదం కట్టు విప్పితే గుంతలో దానిమ్మగింజల్లా ఎర్రటి బొడిపెలు. వాళ్లావిడ గుండెలు బాదుకుంది. “ఏటి బాబూ, మళ్లీ ఎర్రగయిపోనాది?” షీటులో ఆరోజు రాసిన మాట చదివి చెప్పాను. “గ్రాన్యులేషన్ తల్లీ. కొత్త మాంసం పుడుతోంది.”