ఫిల్మ్‌నగర్ లైటు, మీ ఫోన్ ఛార్జర్: రెండింటికీ లెక్క ఒక్కటే

ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ రోడ్లలో ఎప్పుడైనా షూటింగ్ చూశారా? మనం హీరో కోసం వెతుకుతాం. ఈసారి గేటు బయట ఆగిన జనరేటర్ వ్యాన్ వైపు చూడండి. పక్కనే అంత పెద్ద బంగ్లా, దానికి కరెంట్ ఉంది కదా, మరి ఈ వ్యాన్ ఎందుకు?

లెక్క వేద్దాం. షూటింగుల్లో ‘టెన్‌కే’ అని పాతకాలం టంగ్‌స్టన్ లైటు ఒకటి ఉంటుంది. టెన్‌కే అంటే 10,000 వాట్లు. పవర్ అంటే వోల్టేజ్ ఇంటూ కరెంట్. మన ఇంటి వోల్టేజ్ 230. 10,000ని 230తో భాగిస్తే 43 ఆంపియర్లు దాటుతుంది. గీజర్ పెట్టుకునే పెద్ద ప్లగ్ తట్టుకునేది 16 ఆంపియర్లే, అంటే 3,680 వాట్లు. అందులో టెన్‌కే పెడితే ఎంసీబీ టక్కున పడిపోతుంది. అందుకే వ్యాన్.

సరే, 43 ఆంపియర్లే ఎందుకు తీసుకుంటుంది? దాన్ని తేల్చేది రెసిస్టెన్స్. వోల్టేజ్‌ని రెసిస్టెన్స్‌తో భాగిస్తే కరెంట్ వస్తుంది, అదే ఓమ్ సూత్రం. (నీళ్ల ట్యాంకు పోలిక స్కూల్లో వినే ఉంటారు, నేను మళ్లీ చెప్పను!) వెలుగుతున్న టెన్‌కే ఫిలమెంట్ రెసిస్టెన్స్ సుమారు 5.3 ఓమ్‌లు. 230ని 5.3తో భాగించండి, అదే 43 వస్తుంది.

ఇప్పుడు అసలు మజా. వ్యాన్ నుంచి 100 మీటర్ల దూరంలో 2,000 వాట్ల లైటు పెట్టారనుకోండి. కేబుల్ 2.5 స్క్వేర్ ఎం.ఎం. రాగిది. పోను 100, రాను 100, మొత్తం 200 మీటర్ల తీగ. దాని రెసిస్టెన్స్ దాదాపు 1.5 ఓమ్‌లు. లైటుది 26.5. కలిపితే 28. కరెంట్ 8.2 ఆంపియర్లు. అందులో కేబుల్ మింగేది 12 వోల్టులు, లైటుకి చేరేది 218 మాత్రమే. వెలుగు తగ్గడమే కాదు, ఎరుపు కూడా తిరుగుతుంది. హీరోయిన్ మొహం కెమెరాలో వేరే రంగులో పడుతుంది! పోయిన పవర్ ఎక్కడికీ పోలేదు, దాదాపు 100 వాట్లు కేబుల్‌ని వేడి చేస్తాయి. కేబుల్‌ని చుట్టలోనే ఉంచి వాడితే ఆ వేడి బయటకి పోలేదు, ఇన్సులేషన్ కరిగిపోవచ్చు. ఇంట్లో ఎక్స్‌టెన్షన్ బాక్స్‌తో కూలర్ పెట్టేవాళ్లకీ ఇదే మాట: వైరు మొత్తం విప్పండి.

గమనించండి, కేబుల్‌లో వేడి కరెంట్ స్క్వేర్‌ని బట్టి పెరుగుతుంది. కరెంట్ రెట్టింపైతే వేడి నాలుగింతలు. మీ ఫాస్ట్ ఛార్జర్ కిటుకు కూడా ఇక్కడే ఉంది. 18 వాట్లు కావాలంటే 5 వోల్టుల దగ్గర 3.6 ఆంపియర్లు పంపాలి. 9 వోల్టులు చేస్తే 2 ఆంపియర్లు చాలు, సన్న కేబుల్ వేడెక్కదు. ఇంకో డౌట్ చాలామందికి ఉంటుంది, ‘ఎక్కువ ఆంప్స్ ఛార్జర్ పెడితే ఫోన్ కాలిపోతుందా’ అని. కాలిపోదు. వోల్టేజ్ సరిపోతే చాలు, ఫోన్ తనకి కావాల్సినంతే లాక్కుంటుంది. ఆంప్స్ అంటే ఛార్జర్ ఇవ్వగలిగే హద్దు అంతే.

చివరిగా, వాన సీన్. ట్యాంకర్ నీళ్లు కురుస్తుంటే లైట్లు మోసేది కృష్ణానగర్ నుంచి వచ్చిన లైట్‌మ్యాన్ అన్నలు. ఒళ్లు తడిస్తే మన శరీరం రెసిస్టెన్స్ వెయ్యి ఓమ్‌ల దాకా పడిపోవచ్చు. 230ని వెయ్యితో భాగిస్తే 0.23 ఆంపియర్, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. గుండె ఆగడానికి అది చాలు. ఎంసీబీ మాత్రం కదలదు, ఎందుకంటే దాని దృష్టిలో అది చిన్న కరెంటే. ఆ పని చేసేది ఆర్‌సీసీబీ. మనిషి గుండా భూమిలోకి 30 మిల్లీ ఆంపియర్లు లీకైనా కట్ చేస్తుంది.

మీ ఇంటి మెయిన్ బోర్డులో ‘టి’ అని రాసిన చిన్న బటన్ ఉందేమో ఈరోజే చూడండి. నొక్కితే కరెంట్ పోవాలి. పోకపోతే, లేదా అసలు ఆ బటనే లేకపోతే, ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి.