చీటీ పోయింది, గది ఉండిపోయింది



మహిళల కార్యక్రమంలో కంప్యూటరు పాఠమేమిటని విసుక్కోకండి. ఇంజనీరింగులో చేరిన పిల్లలున్న ఇంట్లో ‘సి’ భాష అన్న మాట వినబడుతూనే ఉంటుంది. ఆ వెనకాలే “పాయింటర్లు బుర్రకెక్కడం లేదమ్మా” అన్న మాటా వినబడుతుంది. పిల్లల సంగతి అలా ఉంచండి, మధ్యాహ్నం కాస్త తీరిక చిక్కితే తామే ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్న గృహిణులూ ఉన్నారు. వాళ్ళకీ కాలికి తగిలే గడప ఇదే. అయితే ఇందులో మనమెరుగని విద్యేమీ లేదు సుమా!

పెళ్ళికి వెళ్ళి సత్రంలో దిగారనుకోండి. గుమాస్తా గది ఇచ్చి, ‘పన్నెండో నంబరు’ అని చీటీ రాసి చేతికిస్తాడు. ఆ చీటీ మీద మనం పడుకోలేం కదా! గది ఎక్కడుందో అది చెబుతుంది, అంతే. కంప్యూటరు మెమరీలో కూడా ప్రతి బైటుకీ ఒక నంబరుంటుంది. ఆ నంబరు రాసి ఉంచుకున్న చీటీయే పాయింటరు. చీటీకి నకలు రాసి మీ మరిదికిచ్చారు. అంతమాత్రాన రెండో గది పుట్టుకురాదు. ఇద్దరూ వెళ్ళేది ఆ ఒక్క గదికే. ఆయన మంచం జరిపితే మీకూ జరిగినట్టే. పాయింటరుని కాపీ చేస్తే లోపలి సరుకు కాపీ కాదన్నమాట.

‘సి’ భాషను 1970ల మొదట్లో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో డెనిస్ రిచీ రూపొందించారు. అందులో అవసరమైనంత చోటు కావాలంటే ‘మాలాక్’ అని అడగాలి. పని అయ్యాక ‘ఫ్రీ’ అని ఒప్పజెప్పాలి. చోటు లేకపోతే ‘నల్’ అని ఖాళీ చీటీ వస్తుంది. అది చూసుకోకుండా గది ఉందనుకుని నడిస్తే ప్రోగ్రాము అక్కడే కూలబడుతుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు తికమకపడే చోటు ఇప్పుడు చెబుతాను. ఫంక్షను లోపల మామూలుగా పెట్టుకున్న వేరియబుల్స్ ఆ ఫంక్షను ముగియగానే వాటంతటవే పోతాయి. పాయింటరు కూడా అలాంటి వేరియబులే కనుక అదీ పోతుంది. కానీ మాలాక్‌తో అడిగి తీసుకున్న చోటు పోదు. చీటీ పోయింది, గది ఉండిపోయింది! గుమాస్తా పుస్తకంలో ఆ గది ఇంకా మీ పేరనే ఉంది. లోపల ఎవరూ లేరు, ఇంకొకరికి ఇవ్వడానికీ లేదు. పన్నెండో గది ఖాళీ చేయకుండానే చీటీ మీద నంబరు కొట్టేసి పదిహేను అని రాసుకున్నా ఇదే గతి. దీన్నే మెమరీ లీక్ అంటారు.

“ఒక్క గదేగా, ఏం మునిగిపోయింది?” అంటారేమో. చిన్న ప్రోగ్రామైతే నిజమే. అది ముగియగానే కంప్యూటరు గదులన్నీ తిరిగి తీసేసుకుంటుంది. రాత్రింబవళ్ళు ఆగకుండా నడిచే ప్రోగ్రాము మాటేమిటి?

లండన్ అంబులెన్సు సర్వీసులో 1992లో ఏం జరిగిందో వినండి. మార్పులు చేస్తూ ఒక ప్రోగ్రామరు కాస్త కోడు అలాగే వదిలేశాడు. అంబులెన్సును పంపిన ప్రతిసారీ అది సర్వరు మెమరీలో కొద్దిపాటి చోటు తీసుకునేది, తిరిగి ఇచ్చేది కాదు. ఒకరోజు, రెండురోజులు ఎవరికీ తెలియలేదు. మూడు వారాలకు చోటంతా నిండిపోయి, నవంబరు 4 తెల్లవారుజామున ఆ కంప్యూటరు ఆగిపోయింది. ప్రాణం మీదికి వచ్చినవాళ్ళు ఫోను చేసే చోటది! సిబ్బంది మళ్ళీ కాగితాలతో, ఫోనులతో బళ్ళు పంపవలసి వచ్చింది. తర్వాతి ఏడాది వెలువడిన విచారణ నివేదికలో ఇదంతా ఉంది.

అలాగని తొందరపడి గది ముందే ఖాళీ చేసినా ముప్పే. పాత చీటీ కొంగున ముడేసుకుని మళ్ళీ పన్నెండో గది తలుపు తీస్తే లోపల ఎవరి సామానుంటుందో! ఒకే గదిని రెండుసార్లు ఒప్పజెప్పినా గుమాస్తా లెక్క తారుమారవుతుంది. అందుకే ఫ్రీ చేసిన వెంటనే ఆ పాయింటరులో ‘నల్’ రాసెయ్యడం మంచి అలవాటు. నకళ్ళు ఇంకెవరి దగ్గరైనా ఉన్నాయేమో అదీ చూసుకోవాలి.

జావా, పైథాన్ వంటి భాషల్లో ఎవరికీ అక్కరలేని గదుల్ని వెతికి ఖాళీ చేయించే ఏర్పాటు ఉంది. అక్కడ కూడా చీటీల్ని పెట్టెలో దాచి మరిచిపోతే ఆ గదులు ఖాళీ కావు. ‘సి’ నేర్చుకునేవాళ్ళకు వాల్‌గ్రైండ్ అనే పనిముట్టు ఉచితంగా దొరుకుతుంది. ఏ వరుసలో తీసుకున్న చోటు తిరిగి ఇవ్వలేదో అది చూపిస్తుంది.

పక్కింటినుంచి గిన్నె తెచ్చినప్పుడే, తిరిగి ఇచ్చి రావలసింది ఎవరో మనం ఇంట్లో చెప్పి ఉంచుతాం. మాలాక్ అని రాసిన క్షణానే ఫ్రీ ఎవరు చేస్తారో, ఎక్కడ చేస్తారో తేల్చుకోండి. మీ పిల్లలకూ ఈ మాటే చెప్పండి. పాయింటర్ల భయం సగం అక్కడే తీరిపోతుంది.