చేపను బట్టి మొక్క
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి డిసెంబరు 17న మనం 1982 నాటి నకారా కేసు తీర్పుతో మొదలుపెట్టి డి.ఆర్. లెక్కలతో ముగిస్తాం. ఆ విషయాలు నాకంటే బాగా తెలిసినవారు ముందే మాట్లాడారు. కార్యదర్శి గారు నన్ను ఏదైనా కాలక్షేపం సంగతి చెప్పమన్నారు. నాకు తెలిసిన కాలక్షేపం చేపల తొట్టి. మనలో చాలామంది ఇళ్ళలో మనుమల కోసం కొన్న గాజు తొట్టి ఒకటుంది. పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్ళిపోయారు. తొట్టి చార్జి మాత్రం మనకు అప్పగించి వెళ్ళారు.

మిత్రులు తరచుగా నన్నడిగే ప్రశ్న: "తొట్టిలో ఏ మొక్క వేస్తే బాగుంటుంది?" అడగవలసింది అది కాదు. "నా తొట్టిలో ఉన్న చేపకు ఏ మొక్క సరిపోతుంది?" అని అడగాలి. మన ఆఫీసుల్లో ముందు పోస్టు సృష్టించి తరువాత మనిషిని వెతికేవారు. తొట్టిలో ఆ పద్ధతి నడవదు. ముందు చేప, తరువాత మొక్క.

చేపకంటే ముందు నీరు. మన పాత నల్లగొండ జిల్లా బోరు నీటి సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఫ్లోరైడుతో ఎముకలు వంగిపోయిన మనుషులను మనం కళ్ళారా చూసినవాళ్ళం. చాలా బోర్లలో నీరు గట్టి నీరు కూడా. సబ్బు నురగ రాకపోయినా, పప్పు ఉడకకపోయినా, కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టినా అది గట్టి నీరని గుర్తు. అటువంటి నీటిలో గప్పీ, మోలీ చేపలు హాయిగా బతుకుతాయి. నియాన్ టెట్రా వంటివి మెత్తని నీటి చేపలు, వాటి జోలికి పోకపోవడం మంచిది. మొక్కల్లో హైడ్రిల్లా, వాలిస్నేరియా గట్టి నీటికి బాగా అలవాటు పడతాయి. గట్టి నీటిలో కరిగి ఉన్న బైకార్బనేటు నుండి కూడా అవి తమకు కావలసిన కర్బనాన్ని తీసుకోగలవు. నల్లా నీరైతే ఒక రోజు వెడల్పాటి బక్కెట్లో నిలవ ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది.

ఇక చేప గురించి నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. అది ఆకు తింటుందా? అడుగున ఇసుక తవ్వుతుందా? నీటిలో ఏ ఎత్తున తిరుగుతుంది? పిల్లలను ఎలా కాపాడుకుంటుంది? ఈ నాలుగింటికి జవాబు దొరికితే మొక్క దానంతటదే తేలుతుంది.

గోల్డ్ ఫిష్‌ను తీసుకోండి. అది కార్పు జాతి. మన చెరువుల్లో పెంచే బొచ్చె, రోహు, గడ్డి చేపలకు చుట్టం. లేత ఆకు కనిపిస్తే వదలదు, ఇసుకలో మూతి పెట్టి వేళ్ళు పెకలిస్తుంది. దానికి అనూబియాస్, జావా ఫెర్న్ వంటి దళసరి ఆకుల మొక్కలు వేయాలి. వీటిని ఇసుకలో నాటరాదు. దుంపలా అడ్డంగా పాకే కాండాన్ని ఇసుకలో పూడిస్తే కుళ్ళిపోతుంది. నూలు దారంతో రాయికో కొయ్యముక్కకో కట్టాలి. చేప మూతి పెట్టినా రాయి కదలదు. హైడ్రిల్లా వేస్తే అది గోల్డ్ ఫిష్‌కు అలంకారం కాదు, భోజనం. తినడానికే వేస్తామంటే అభ్యంతరం లేదు.

గప్పీ సంగతి వేరు. మలేరియా శాఖ వాళ్ళు దోమ పిల్లలను తినడానికి బావుల్లో గంబూసియా, గప్పీ చేపలు వదలడం మనకు తెలుసు. గంబూసియా 1928లో ఇటలీ నుండి మన దేశానికి వచ్చింది. గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. కన్న పిల్లలను తానే తినేస్తుంది! అందుకని ఒక మూల దట్టమైన మొక్క ఉండాలి. సెరటోఫిల్లం దీనికి ఉత్తమం. సూదుల్లాంటి సన్నని ఆకులు, వేళ్ళు లేవు, నీటిలో వదిలేస్తే చాలు. పిల్లలు ఆ సందుల్లో దూరితే పెద్ద చేప అందుకోలేదు.

గురామీ, ఫైటర్ చేపలు మన కొర్రమీను మాదిరిగా పైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి. కొర్రమీనును 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు గాని, అది తోటి చేపలను మింగుతుంది, మూత లేకపోతే తొట్టి నుండి దూకుతుంది. తొట్టికి పనికిరాదు. గురామీ, ఫైటర్‌లలో మగది నీటిపైన నురగ గూడు కడుతుంది. ఆ గూడు నిలవడానికి తేలే మొక్క ఆసరా. అంతర తామర చిన్నవి నాలుగైదు చాలు. నీటి ఉపరితలంలో సగానికి మించి కమ్మనివ్వకండి. చేప ఊపిరి పీల్చడానికి చోటు కావాలి, కింది మొక్కలకు వెలుతురు కావాలి.

పరకలు, జీబ్రా చేపలు గుంపుగా అటూ ఇటూ పరుగెత్తుతాయి. వాటికి మధ్య భాగం ఖాళీగా ఉంచి, వాలిస్నేరియా వంటి పొడుగాకుల మొక్కలను వెనుక వరుసలో నాటాలి. ఆస్కార్ వంటి పెద్ద చేపలు పెంచేవారు నాటే మొక్కల ఆశ వదులుకోవడం మంచిది. అవి ఇల్లు సర్దుకున్నట్టు రోజూ ఇసుక సర్దుకుంటాయి.

దుకాణంలో ఒక జాగ్రత్త. నీటి మొక్కలని చెప్పి నేల మొక్కలు అమ్మేవారున్నారు. డ్రసీనా, సింగోనియం వంటివి పూర్తిగా మునిగితే కొన్ని వారాలు పచ్చగా ఉండి తరువాత కుళ్ళి నీరు చెడగొడతాయి. మొక్కను నీటిలో నుండి పైకి తీసి చూడండి. నీటిలోనే పెరిగిన మెత్తని మొక్క తడి గుడ్డలా వాలిపోతుంది. పుల్లలా నిటారుగా నిలబడితే అనుమానించాలి. అనూబియాస్ మాత్రం దీనికి మినహాయింపు. కాలువ నుండి తెచ్చుకుంటే నత్తలు, జలగలు వస్తాయి కనుక వారం రోజులు వేరే బక్కెట్లో ఉంచండి. వరి పొలాల మురుగు కాలువ నుండి అసలు తేవద్దు. పురుగుమందు అవశేషాలకు చేపలు తట్టుకోలేవు.

దీపం రోజుకు ఎనిమిది గంటలు చాలు. కిటికీ ఎండ నేరుగా పడితే నీరు పచ్చబడుతుంది. ఇంకొక మాట: మొక్కలున్నాయి గదా అని రాత్రి గాలి పంపు ఆపేస్తారు. చీకట్లో మొక్క ప్రాణవాయువు ఇవ్వదు, అదీ చేపతో పాటు పీల్చుకుంటుంది. రాత్రే పంపు అవసరం ఎక్కువ.

ఇప్పుడు అసలు విన్నపం. నేను నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేరి, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్ళలోనూ పనిచేసి సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు నీరు వదిలిన సాగర్ కాలువల్లో ఎడమ కాలువ మనది. దాని డిస్ట్రిబ్యూటరీలలో నాచు, గుర్రపు డెక్క తీయించిన పనుల బిల్లులు నా చేతి మీదుగా ఎన్ని వెళ్ళాయో లెక్కలేదు. మొక్క అడ్డుపడితే నీటి వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే మట్టి పేరుకుంటుంది. చివరికి నీరందని వాడు టెయిలెండు రైతు. ఎండిన నారుమడి పట్టుకుని ఆఫీసు వరండాలో నిలబడిన రైతుల్ని నేను చూశాను.

ఆ గుర్రపు డెక్క మన మొక్క కాదు. దక్షిణ అమెరికాది. పూలు అందంగా ఉన్నాయని పంతొమ్మిదో శతాబ్దం చివర బెంగాలులోకి తెచ్చుకున్నారు. మనవైపు నుండి కూడా ఇలాగే జరిగింది. మన కాలువల్లో కనిపించే హైడ్రిల్లాను 1950లలో శ్రీలంక నుండి చేపల తొట్లకని అమెరికాలోని ఫ్లోరిడాకు తీసుకుపోయారు. అది తొట్టి దాటి వారి కాలువల్లో, సరస్సుల్లో అల్లుకుంది. వేలెడు ముక్క తెగిపడినా మళ్ళీ మొలుస్తుంది. చేపలదీ అదే కథ. తొట్టి అద్దం నాకుతుందని కొనే సక్కర్ చేప ఇప్పుడు కృష్ణలో మన జాలర్ల వలలు చింపుతున్నది.

కనుక తొట్టి శుభ్రం చేసినప్పుడు తీసిన మొక్కలను మోరీలో గాని, కాలువలో గాని, మూసీలో గాని వేయకండి. పెరటిలో ఎండబెట్టి పూర్తిగా ఎండిన తరువాత ఎరువు గుంతలో వేయండి. తొట్టి ఎత్తేయదలిస్తే చేపలను పెంచేవారికి ఇవ్వండి. "పాపం, స్వేచ్ఛగా బతుకుతుంది" అని చెరువులో వదలడం పుణ్యం కాదు.

ఖర్చు పెద్దగా లేదు. గప్పీలు నాలుగు, సెరటోఫిల్లం గుప్పెడు, వాలిస్నేరియా పది మొక్కలు, కడిగిన ఇసుక. వారానికొకసారి పావు వంతు నీరు మార్చండి, మొత్తం ఒక్కసారి మార్చకండి. ఇంకా సందేహాలున్నవారు టీ విరామంలో నన్ను అడగవచ్చును.