చక్రాల మీద ఇల్లు, నీళ్ల కింద ఊరు



మాది హొసపేట. మావారు 31 ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయ్యారు. నేను ప్రాథమిక పాఠశాలలో టీచరుగా పనిచేశాను. 2023 మే నెలలో మేమిద్దరం అమెరికాలో ఒక మోటారు హోము అద్దెకు తీసుకుని అపలాచియన్ కొండల్లో 14 రోజులు తిరిగాం. ఆ ప్రయాణం గురించి మీతో నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

ఎందుకు వెళ్లామో ముందు చెబుతాను. మా అమ్మాయి, అల్లుడు అట్లాంటాలో ఉంటారు. మేము అక్కడికి వెళ్లిన రెండో వారంలోనే అమ్మాయి మాట కదిపింది. "అమ్మా, హొసపేట ఇల్లు అమ్మేసి వచ్చేయండి. అక్కడ మీకెవరున్నారు?" అంది. మావారు అవుననలేదు, కాదనలేదు. మర్నాడు మాత్రం, "ఒక బండి ఇప్పించు. మీ అమ్మనూ నన్నూ కొన్నాళ్లు తిరిగిరానియ్యి. వచ్చాక చెబుతాం" అన్నారు. బయలుదేరేముందే మన ఆర్.టి.ఓ. ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగు పర్మిట్టు తీసుకుని సూట్‌కేసులో పెట్టుకున్నారని నాకు అప్పుడు తెలిసింది.

మోటారు హోము అంటే ఇల్లూ బండీ ఒకటే. మేము తీసుకున్నది 25 అడుగుల పొడవు. ముందు డ్రైవరు సీటు, దాని వెనక చిన్న వంటిల్లు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్జు, మంచం, స్నానాల గది, అన్నీ ఉంటాయి. కింద మూడు తొట్లు. ఒకదాంట్లో మంచినీళ్లు, ఒకదాంట్లో వాడిన నీళ్లు, ఇంకొకదాంట్లో మరుగుదొడ్డి నీళ్లు. రెండు మూడు రోజులకోసారి అందుకని కట్టిన చోటికి వెళ్లి, గొట్టం తగిలించి, ఆ రెండు తొట్లూ మనమే ఖాళీ చేసుకోవాలి. చేతులకు తొడుగులు వేసుకుని ఆ పని చేస్తూ మావారు, "ముప్పై ఏళ్లు బస్సు నడిపాను గానీ, ఏ డిపో మేనేజరూ నాచేత ఈ పని చేయించలేదు" అన్నారు. బండి లీటరుకు నాలుగు కిలోమీటర్లు మించి ఇవ్వలేదు. ఆ లెక్క చూసి, "మన డిపో బస్సే నయం" అని రోజూ ఒకసారి అనకుండా ఉండలేదు.

అక్కడ స్టీరింగు ఎడమవైపు, నడపడం కుడివైపు. మొదటిరోజు మలుపు వచ్చినప్పుడల్లా సిగ్నలు వేయబోయి వైపరు వేశారు. ఎండలో వైపరు ఆడుతుంటే పక్క బండ్లవాళ్లు వింతగా చూశారు. మూడోరోజుకు చెయ్యి కుదురుకుంది.

ముందు నేరుగా ఉత్తరంగా పశ్చిమ వర్జీనియాలోని బెక్లీ అనే ఊరికి వెళ్లి, అక్కడి నుంచి కొండల మీదుగా దక్షిణానికి దిగాం. బెక్లీలో పాత బొగ్గుగని ఒకటి జనానికి చూపిస్తారు. చిన్న రైలుపెట్టెలో కూర్చోబెట్టి లోపలికి తీసుకెళతారు. చూపించేవాళ్లు ఒకప్పుడు గనుల్లో పనిచేసి రిటైరైనవాళ్లే. వంగి, మోకాళ్ల మీద పనిచేసిన చోట్లు చూపించారు. పూర్వం అక్కడ చాలా కంపెనీలు కూలీలకు డబ్బుకు బదులు తమ సొంత బిళ్లలు ఇచ్చేవట. ఆ బిళ్లలు కంపెనీ దుకాణంలోనే చెల్లుతాయి. ఇల్లు కంపెనీదే, బియ్యం పప్పూ కంపెనీవే, అప్పూ కంపెనీదే. సండూరు కొండల ఎర్రదుమ్ము చూస్తూ పెరిగిన మాకు ఆ చోట కొత్తగా అనిపించలేదు. దుమ్ము రంగు మాత్రం వేరు.

అక్కడి నుంచి దిగి వర్జీనియాలో బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే రోడ్డెక్కాం. ఇది 469 మైళ్లు, అంటే మన లెక్కలో 755 కిలోమీటర్లు, కొండల శిఖరాల వెంట పోయే రోడ్డు. ఉద్యోగాలు లేక జనం అల్లాడుతున్న కాలంలో 1935లో మొదలుపెట్టారు. పూర్తయింది 1987లో. గ్రాండ్‌ఫాదర్ కొండ దగ్గర కొంత దూరం కొండను తొలవకుండా, స్తంభాల మీద వంతెనలా రోడ్డును వేలాడదీశారు. చివరికి మిగిలింది ఆ ముక్కే. ఈ రోడ్డు మీద లారీలు రాకూడదు. వేగం గంటకు 45 మైళ్లు దాటకూడదు. పెట్రోలు బంకులుండవు, ప్రకటన బోర్డులుండవు. సొరంగాలు 26. వాటి పైకప్పు విల్లులా వంగి ఉంటుంది కాబట్టి అంచున ఎత్తు తగ్గుతుంది. మావారు ముందే బండి ఎత్తు టేపుతో కొలిచి, కాగితం మీద రాసి అద్దానికి అంటించారు. దిగుడులో బ్రేకు మీద కాలు నొక్కిపెట్టకుండా గేరు తగ్గించి దింపారు. "ఘాటు ఎక్కడైనా ఘాటే. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి" అన్నారు. బస్సు వదిలిన ఆరేళ్ల తర్వాత ఆయన ముఖంలో మళ్లీ ఆ వెలుగు చూశాను.

ఆ కొండలు నిజంగానే నీలంగా ఉంటాయి. చెట్లు వదిలే ఒక రకం ఆవిరులు గాలిలో కలిసి, వెలుతురు వాటి మీద పడి ఆ నీలిరంగు వస్తుందట. ఒకదాని వెనక ఒకటిగా ఏడెనిమిది వరసలు, దూరం పోయేకొద్దీ రంగు పలచబడుతూ, చివరి వరస ఆకాశమో కొండో తెలియదు.

రోడ్డు చివర చెరోకీ అనే ఊరుంది. చెరోకీలు ఆ కొండల మూలవాసులు. 1838లో ప్రభుత్వం వాళ్లను సైన్యంతో పట్టించి పడమటికి, వెయ్యి మైళ్ల దూరానికి తరలించింది. దాదాపు 16,000 మందిని తరలిస్తే దారిలోనూ శిబిరాల్లోనూ సుమారు 4,000 మంది చనిపోయారని చెబుతారు. కొద్దిమంది మాత్రం కొండల్లో దాక్కునో, సొంత భూమి మీద నిలబడో మిగిలిపోయారు. వాళ్ల సంతతివాళ్లే ఇప్పుడు ఆ ఊళ్లో ఉన్నవాళ్లు.

ఆ ఊళ్లో వీధి పేర్లు రెండు లిపుల్లో ఉన్నాయి. ఒకటి ఇంగ్లీషు, రెండోది చెరోకీ. ఆ లిపిని 1821లో సెకోయా అనే ఆయన పూర్తిచేశాడు. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. తెల్లవాళ్లు కాగితం మీద మాటను నిలబెడుతున్నారు, మనం ఎందుకు నిలబెట్టకూడదని కూర్చుని, తన భాషలో వినబడే ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క గుర్తు పెట్టాడు. మొత్తం 85 గుర్తులు. క, కి, కు అని మన గుణింతం ఉంటుందే, అలాగే ఒక్కో గుర్తు ఒక పూర్తి అక్షరం. 1828కల్లా ఆ లిపిలో పత్రికే వచ్చింది. ఇప్పుడక్కడ ఆ భాష ధారాళంగా మాట్లాడేవాళ్లు కొద్దిమందే, వాళ్లూ చాలావరకు పెద్దవాళ్లు. అందుకని చంటిపిల్లల నుంచే చెరోకీలో చదువు చెప్పే బడి పెట్టుకున్నారు. టీచరును కదా, నాకది పట్టుకుంది. మన సరిహద్దు జిల్లాల్లో ఇంట్లో తెలుగు, బడిలో మరొక భాష చదివి పెరిగిన మీలో చాలామందికి నేనేం చెబుతున్నానో విడమరచనక్కరలేదు.

ఆ పక్కనే గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ ఉద్యానవనం. 1934లో ఏర్పడింది. అమెరికాలో ఎక్కువమంది చూసే జాతీయ ఉద్యానవనం ఇదే. అక్కడి చాలా క్యాంపు స్థలాల్లో బండికి కరెంటు కనెక్షను గానీ నీళ్ల కనెక్షను గానీ ఇవ్వరు. తినేవస్తువు ఏదీ బయట పెట్టకూడదు, ఎలుగుబంట్లు వస్తాయి. నేను తీసుకెళ్లిన గురెళ్ల పొడి డబ్బా కూడా లోపల పెట్టి తాళం వేశాను. అక్కడ కేడ్స్ కోవ్ అనే లోయలో పాత చెక్క ఇళ్లు, గుడులు, పిండిమర ఇంకా నిలిచి ఉన్నాయి. మనుషులు మాత్రం లేరు. ఉద్యానవనం కోసం ఆ కొండల్లో 1,200కు పైగా కుటుంబాలను లేపేశారని అక్కడే తెలిసింది. అంతవరకూ చెట్లు చూస్తూ తిరిగినదాన్ని, ఆ రోజు నుంచి ఇళ్ల పునాదులు వెతుక్కుంటూ తిరిగాను.

ఇక అసలు సంగతికి వస్తాను.

బ్రైసన్ సిటీ అనే చిన్న ఊరి దగ్గర ఒక క్యాంపులో ఆగాం. మా పక్క బండిలో 86 ఏళ్ల అవ్వ, ఆమె కొడుకు ఉన్నారు. సాయంత్రం నేను రొట్టెలు కాలుస్తుంటే ఆమె వచ్చి నిలబడి చూసింది. ఒక రొట్టె, కాస్త పప్పు ఇచ్చాను. మాటల్లో, "మీ ఊరేది?" అని అడిగాను. "ఆ చెరువు కింద ఉంది" అని చెయ్యి చూపింది.

నా చేతిలో అట్లకాడ అట్లాగే ఉండిపోయింది. ఎందుకంటే, మా నాన్నగారి ఊరూ నీళ్ల కిందే ఉంది.

ఆమె చెప్పింది ఇదీ. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో విమానాలకు అల్యూమినియం కావాలి, దానికి కరెంటు కావాలి. టెన్నెసీ వ్యాలీ అథారిటీ అనే ప్రభుత్వ సంస్థ 1942లో ఫాంటానా ఆనకట్ట మొదలుపెట్టి, రాత్రింబగళ్లు పనిచేసి 1944లో ముగించింది. ఎత్తు 480 అడుగులు. ఊళ్లు మునిగాయి, ఊళ్లకు పోయే రోడ్డూ మునిగింది. ఉత్తరపు ఒడ్డున ఉన్న శ్మశానాలు మునగలేదు గానీ, వాటికి దారి లేకుండా పోయింది. కొత్తగా రోడ్డు వేస్తామని 1943లో ఒప్పందం రాసిచ్చారు. ఆ ఏడు మైళ్ల రోడ్డూ, 1,200 అడుగుల సొరంగమూ మేము చూశాం. సొరంగం అవతల రోడ్డు లేదు, అడవే. జనం దానికి "ఎక్కడికీ పోని రోడ్డు" అని పేరు పెట్టారు. చివరికి 2010లో, రోడ్డుకు బదులు ఆ జిల్లాకు 5 కోట్ల 20 లక్షల డాలర్లు ఇచ్చేలా రాజీ కుదిరింది. "డబ్బు జిల్లాకు ముట్టింది. మా అమ్మమ్మ సమాధి దగ్గరికి ఇప్పటికీ పడవలోనే పోవాలి" అంది అవ్వ.

ఆ ఆదివారం వాళ్లకు సమాధులు అలంకరించే రోజు. ఏటా వేసవిలో ఒక్కో శ్మశానానికి ఒక్కో ఆదివారం ఉంటుంది. ఉద్యానవనంవాళ్లే పడవ పెట్టి తీసుకెళతారు. "మీరూ రండి" అని మమ్మల్ని పిలిచింది. వెళ్లాం.

పడవ దిగి కొండెక్కాలి. పెద్దవాళ్లను బండిలో చేర్చారు. పైన అడవి మధ్యలో ముప్పై నలభై సమాధులు. కొన్నింటికి పేరు చెక్కిన రాళ్లున్నాయి, కొన్నింటికి ఉట్టి బండరాయే గుర్తు. అందరూ ఆకులు ఊడ్చారు, పూలు పెట్టారు, పాటలు పాడారు, ప్రార్థన చేశారు. తర్వాత అక్కడే బల్లలు పరిచి భోజనాలు. మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజలు, అరటిపండు పాయసం లాంటిది. గింజల్లో పందిమాంసం ముక్కలు వేస్తారు కాబట్టి అడిగి వడ్డించుకోమని అవ్వే నా చెవిలో చెప్పింది. నేను చేసుకెళ్లిన చిత్రాన్నం గిన్నె పావుగంటలో ఖాళీ అయింది. మంచినీళ్లు ఎక్కువ అడిగారు.

తిరిగి వచ్చేటప్పుడు పడవలో అవ్వ నన్ను అడిగింది. "మీ ఊరు మునిగాక మీరు ఎన్నిసార్లు వెళ్లారు?"

నేను జవాబు చెప్పలేకపోయాను.

తుంగభద్ర ఆనకట్ట పని 1945లో మొదలై, 1953లో నీళ్లు వదిలారని మీకు తెలుసు. ఆ నీళ్లతోనే మన పొలాలు పండాయి, మా ఇంట్లో దీపం వెలిగింది, మేం చదువుకున్నాం. అది నేను మరిచిపోను. మా నాయనమ్మ మాత్రం చనిపోయేదాకా ఒకటే మాట అనేది. "దేవుణ్ణి బండిలో పెట్టుకుని తెచ్చుకున్నాం. పెద్దల్ని అక్కడే వదిలి వచ్చాం" అని. ఎండాకాలం నీళ్లు తగ్గితే పాత గోడల మొదళ్లు తేలుతాయని ఆ ఒడ్డు ఊళ్లవాళ్లు చెబుతుండేవారు. ఆనకట్ట మా ఇంటికి ఆరు కిలోమీటర్లు. మావారు ఆ దారిన వేలసార్లు బస్సు నడిపారు. వచ్చిన బంధువులకు ఆనకట్ట కింది తోటలో దీపాలు, ఫౌంటెన్లు చూపించాం. నీళ్ల అవతలికి మాత్రం 66 ఏళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు. ఆ అవ్వకు రోడ్డు లేక వెళ్లలేకపోయింది. నాకు రోడ్డుంది.

ఆ రాత్రి మావారితో ఈ మాటే అన్నాను. ఆయన చాలాసేపు ఊరుకుని, "అమ్మాయి ఇల్లు అమ్మమంటోంది కదా, నువ్వేమంటావు?" అన్నారు. "ముందు ఊరు చూసొద్దాం. ఆ తర్వాత చూద్దాం" అన్నాను. అట్లాంటా చేరాక అమ్మాయికీ అదే చెప్పాం. ముందు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ తర్వాత, "నేను వచ్చినప్పుడు నన్నూ తీసుకెళ్లాలి" అంది.

2024 ఎండాకాలంలో నీళ్లు బాగా తగ్గినప్పుడు మేమిద్దరం వెళ్లాం. చేపలు పట్టే ఒక ముసలాయన దారి చూపాడు. నెర్రెలిచ్చిన బురద మీద అరగంట నడిచాం. ఒక రాతి గట్టు, రెండు గోడల మొదళ్లు, విరిగిన విసుర్రాయి సగం. అది మా ఊరేనో, పక్క ఊరో చెప్పేవాళ్లు లేరు. నేను తెచ్చిన పూలు ఆ రాతి గట్టు మీద పెట్టి, నాయనమ్మ పేరు చెప్పి దండం పెట్టుకున్నాను. మావారు చెప్పులు విడిచి పక్కన నిలబడ్డారు.

ఆ ఏడే, సెప్టెంబరు నెలలో హెలీన్ తుపాను ఆ అమెరికా కొండల మీద విరుచుకుపడింది. మేము తిరిగిన బ్లూ రిడ్జ్ రోడ్డు చాలాచోట్ల తెగిపోయింది, లోయల్లో ఊళ్లు కొట్టుకుపోయాయి. అవ్వ కొడుక్కి ఉత్తరం రాశాను. తాము క్షేమమేనని జవాబు వచ్చింది. అదే నెలలో ఆ ఉద్యానవనంలోని ఎత్తయిన శిఖరానికి, 6,643 అడుగులది, చెరోకీల పాత పేరు కువోహి మళ్లీ పెట్టారు. పోయిన పేరు తిరిగి రావడం కూడా ఉంటుందన్నమాట.

శ్రోతలారా, తుంగభద్రో, మరొక నదో, మీలోనూ నీళ్ల కింద ఊరున్నవాళ్లు ఉంటారు. ఇంట్లో పెద్దవాళ్లు ఇంకా ఉంటే, ఈ సాయంత్రం ఆ ఊరి పేరు, వీధి పేరు, బావి ఎక్కడుండేదో అడిగి ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. నేను అడగలేదు. అందుకే ఆ రాతి గట్టు ఎవరిదో ఈరోజుకీ నాకు తెలియదు.