మృదుపదార్థము – మన తేలియా పని



పూర్వము రామన్నపేటలో మేము పదార్థము ఘనము, ద్రవము, వాయువు నని మూడు విధములుగా బోధించుచుండగా, మన నేతవారి బాలుడొకడు "అయ్యా, మా గంజి యేది?" అని యడిగెను. కసరి కూర్చుండబెట్టితిమి. ఆ ప్రశ్నకిప్పుడొక శాస్త్రమే యున్నది. 1991లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము నందిన ఫ్రెంచి పండితుడు డి జెన్ తన యుపన్యాసమునకు మృదుపదార్థమనియే పేరిడెను. గంజి, సబ్బు, నురుగు, పాలు దాని విషయములు. పేరు మెత్తనిదే గాని గణితము కఠినము! భౌతిక, రసాయన, గణిత పండితు లొక్కచోట గూర్చుండనిదే యది తెగదు. టాటా మౌలిక పరిశోధనసంస్థ హైదరాబాదు కేంద్రమున నట్టి కృషి జరుగుచున్నది.

మన పుట్టపాకలో తేలియా రుమాలునకై, ఆముదపుకాయల బూడిదనీటిలో నూనె గలిపి, నూలును దినములకొలది పిసికి యారవేయుదురు. క్షారము నూనెను గొంత సబ్బుగా మార్చును. ఆ సబ్బు తక్కిన నూనెబిందువులను నీట విడివిడిగా నిలుపును. అందుచే నూనె పోగులోనికి జొచ్చును, నూలు రంగును బాగుగా బట్టును. ఈ రుమాలునకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. సంతోషమే. కాని బూడిద యెంత, నూనె యెంత యని వ్రేళ్ళతో నెఱుగు వృద్ధులు తగ్గుచున్నారు. కుమారులు మగ్గము విడిచి పట్నము పోవుచున్నారు. కూలి చాలదు, వారిని తప్పుపట్టము. ఆ వ్రేళ్ళ యెఱుక కొలతల కెక్కకమునుపే పోరాదు.

కావున నీ మహాసభ పరిశోధకులను పుట్టపాకకు బిలువవలెను. బోధించుటకు గాదు, మొదట ఆ వృద్ధుల ప్రక్క గూర్చుండి చూచుటకు. ప్రయాణవ్యయమునకై మా పింఛనునుండి వేయి రూపాయలు కార్యదర్శిగారి కిచ్చియున్నాము.