తోడేలు ట్రంపెట్ పట్టుకొస్తే: 'త్రీ లిటిల్ బాప్స్'

కె.గంగవరం నుంచి మళ్ళీ వచ్చేశాను. ఈసారి ఏడు నిమిషాల పాత కార్టూన్ ఒకటి. పేరు 'త్రీ లిటిల్ బాప్స్'. వార్నర్ బ్రదర్స్ వాళ్ళు 1957లో విడుదల చేశారు, డైరెక్షన్ ఫ్రిజ్ ఫ్రెలెంగ్. బాప్ అంటే 1940లలో జాజ్‌లో వచ్చిన ఓ స్పీడు బాణీ లెండి.

మూడు పందిపిల్లల కథ మీరు చిన్నప్పుడు వినే ఉంటారు. ఇందులో ఆ మూడూ కలిసి ఒక బ్యాండు. తోడేలుకి వాటిని తినాలని అస్సలు లేదు. ట్రంపెట్ పట్టుకొచ్చి తననీ కలుపుకోమంటాడు. వాయిస్తే మాత్రం ఘోరం! బయటికి గెంటేస్తారు. ఆ కోపంతో ఊది గడ్డి క్లబ్బు పడగొడతాడు, తర్వాత కర్రల క్లబ్బు. ఇటుకలది కదల్లేదు. వేషాలు మార్చి వచ్చినా దొరికిపోతాడు. చివరికి డైనమైట్ తెచ్చి, తనే పేలిపోయి నరకానికి పోతాడు. అక్కడ బాగా కాగాక వస్తుందండీ అసలు వాయిద్యం! అది పైకి వినబడి పందులు మెచ్చుకుంటాయి. తోడేలు దెయ్యమై వచ్చి బ్యాండులో కలుస్తాడు.

కథంతా పాటే. స్టాన్ ఫ్రీబర్గ్ ఒక్కడే పాడుతూ చెప్పేస్తాడు. నాకైతే వెంటనే బుర్రకథ గుర్తొచ్చింది. మనకీ ముగ్గురే కదా! మధ్యలో తంబూరాతో కథకుడు, అటూ ఇటూ డక్కీలతో వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది లోకం మీద విసుర్లు. వంతపాట ఎక్కడ అందుకోవాలో తెలియాలి, ఒక్క క్షణం ముందు అందుకున్నా కథకుడి మాట పాడైపోద్ది. తోడేలుకి లేనిది అదే. ఊపిరి బోలెడుంది, పక్కవాళ్ళని వినడు.

తమాషా ఏంటంటే, సంగీతం ఇచ్చిన షార్టీ రోజర్స్ స్వయంగా పేరున్న ట్రంపెట్ ప్లేయర్. అంత చెడ్డగా వాయించడం ఎలాగో ఆయనకే బాగా తెలిసి ఉంటుంది!

కానీ పందుల మీద నాకు కోపమేనండి. మూడు క్లబ్బులు మారాయి, ఒక్కసారైనా "ఇలా కూర్చో, ముందు విను" అన్నారా? బుర్రకథలో గొప్ప పేరు షేక్ నాజర్ గారిది, 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన తన ఆటతో ఆగకుండా ఎంతమందికో నేర్పారు. తోడేలుకి అలాంటి గురువు దొరికుంటే నరకం దాకా పోవాల్సిన పనుండేదా?

మీ ఊళ్ళో బ్యాండు మేళమో, కోలాటం జట్టో ఉంటే ఒకటి చెప్పండి. తాళం తప్పే కుర్రాడు రెండోసారి వస్తే ఎక్కడ కూర్చోబెడతారు?