నిశ్శబ్దరథము – సారథి ధర్మము

జైనూరులో మహర్నవమికి ముందు, ఆలయప్రాంగణమున బ్యాటరీ వాహనములు నడుపు సిబ్బందిని, సేవకులను ఉద్దేశించి చేసిన ప్రసంగపాఠము

 

నన్ను ఈ దినమున పురాణము చెప్పుటకు పిలువలేదు. బ్యాటరీ బండ్లను గూర్చి నాలుగు మాటలు చెప్పుమన్నారు. వ్యాకరణము, ధర్మశాస్త్రము చదువుకొన్న ముసలివానికి విద్యుద్వాహనములతో ఏమి పనియని మీలో కొందరు నవ్వుకొని యుండవచ్చును. యంత్రవిషయమును మెకానిక్కులను అడిగియు, బండితో వచ్చిన పుస్తకమును చదివియు తెలిసికొన్నాను. ఆ పుస్తకము ఇంకను ప్లాస్టిక్ సంచిలోనే యుండెను, ఎవరును విప్పలేదు. బండి తోలువాని ధర్మమును గూర్చి మాత్రము నేను ఎవరిని అడుగనక్కర లేదు. అది మన శాస్త్రములలోనే యున్నది.

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున బండి ప్రమాదముల విచారణ కలదు. ఎద్దు ముకుతాడు తెగినను, కాడి విరిగినను, బండి అడ్డముగా గాని వెనుకకు గాని పోయినను, ఇరుసు విరిగినను, చక్రము విరిగినను, కట్లు, పలుపులు, పగ్గములు తెగినను, తోలువాడు తొలగుడని కేకవేసినను దండము లేదని పది సందర్భములు చెప్పబడినవి. అటుపిమ్మట వచ్చునది అసలు మాట. తోలువానికి నేర్పు లేకపోవుటచేత బండి త్రోవ తప్పి హాని కలిగినచో దండము తోలువానికి కాదు, యజమానికి. అదియు రెండువందల పణములు. తోలువాడు నేర్పరియైనచో దండము వానిదే. నేర్పులేనివాడు తోలు బండిలో కూర్చున్నవారికి సయితము తలకు నూరు పణములు విధింపబడినవి.

ధర్మకర్తలు ఈ మాటను మరియొకసారి మనస్సులో తిప్పుకొనవలెనని కోరుచున్నాను. నేడు మనము చేయుచున్నదేమి? దాత బండి నిచ్చును. పూలదండ వేయుదుము, కొబ్బరికాయ కొట్టుదుము, ఫోటో దిగుదుము. మరునాటి ఉదయము తాళపుచెవి ఒక కుఱ్ఱవాని చేతిలో పెట్టుదుము. "నీకు మోటారు సైకిలు వచ్చునుగదా, ఇది దానికన్న సులభము" అందుము. ఆ సాయంకాలము ఏదైన జరిగినచో నిందను కూడ వానికే కట్టబెట్టుదుము. మనువు న్యాయమున చూచినచో రెండువందల పణములు చెల్లించవలసినది ఎవరో వేరుగ చెప్పనక్కర లేదు.

నేటి చట్టము కూడ ఇందుకు దూరముగ లేదు. మూడుచక్రముల ఈ-రిక్షా, ఈ-కార్టులకు 2014లో కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో ప్రత్యేక నిబంధనలు వచ్చినవి. 2015లో చట్టమును కూడ సవరించిరి. లైసెన్సు కోరువాడు కనీసము 10 దినముల శిక్షణ పొందవలెను. ప్రయాణికులు నలుగురికి మించరాదు, వారి సామాను 40 కిలోలు మించరాదు. సరకుబండికి 310 కిలోలు మితి. వేగము గంటకు 25 కిలోమీటర్లు దాటరాదు. నాలుగు చక్రముల బండ్లకు, పెద్ద సరకు ఆటోలకు మితులు వేరు. అవి బండికి కొట్టిన రేకుమీద వ్రాసి యుండును, చదువుకొనవలెను. ప్రాకారములోపల తిరుగు బండికి చట్టముతో పనియేమని కొందరు వాదింతురు. ముసలమ్మ తుంటియెముకకు లోపల, వెలుపల అను భేదము తెలియదు నాయనలారా.

మితి తెలిసియు పాటింపలేకపోవుట మన తోలువారి కష్టము. కేస్లాపూర్‌లో పుష్యమాస అమావాస్యకు నాగోబా జాతర జరుగునప్పుడు ఈ ప్రాంతపు దారులలో జనము ఎట్లు ప్రవహించునో మీకు తెలియును. ఏ జాతరలోనైనను నలుగురు కూర్చొను బండిలో ఆరుగురు కూర్చుందురు, ఇద్దరు వెనుక వ్రేలాడుదురు. ఎవరో పెద్దమనిషి చుట్టములు వచ్చిరని మరి ఇద్దరిని ఎక్కింపుమందురు. తోలువాడు కాదన్నచో ఉద్యోగము పోవునని భయము. బరువు పెరిగినకొలది బ్రేకు వేసిన తరువాత బండి ఆగుటకు దూరము పెరుగును. వెనుక వ్రేలాడువారివలన ముందుచక్రము తేలికయై మలుపులో మాట వినదు. కావున ధర్మకర్తలకు నా విన్నపము: "ఎక్కువ మందిని ఎక్కింపను" అని చెప్పు అధికారము సారథికి ఉన్నదని కాగితముమీద వ్రాసి, సంతకము చేసి, ప్రతి బండిలో అతికింపుడు. ఆ కాగితము వెల రూపాయి లేదు. ఇన్ని బండ్లు కొన్నవారు అది ఇంతవరకు ఎందుకు చేయలేదో నాకు అర్థము కాదు.

మన నేల చదునైనది కాదు. కెరమెరి ఘాట్ వంటి దారులకు ఈ చిన్నబండ్లు తగవు. ఆలయపు వాలులోనే జాగ్రత్త వలయును. దిగునపుడు వేగము ముందే తగ్గించుకొనవలెను. ఆపినపుడు చేతిబ్రేకు లాగి, ముందు-వెనుక మీటను నడుమ నుంచి, తాళపుచెవి తీసి మొలలో దోపుకొనవలెను. వాలులోనైనచో చక్రమునకు రాయి పెట్టవలెను. ఇంజను బండి ఆగియున్నదో, నడుచుచున్నదో చెవికి తెలియును. ఈ బండి తాళము తిప్పియున్నను ఊరక నిద్రించునట్లుండును. పసివాడు ఆడుకొనుచు త్రొక్కుడుపలకమీద కాలు వేసినచో ఒక్కసారిగ ముందుకు దూకును.

ఈ నిశ్శబ్దమే దీని గుణము, దీని దోషము. నా చిన్నతనమున ఎద్దుల మెడలలో మువ్వలుండెడివి. చీకటిలో బండి ఎంతదూరముననున్నదో ఆ సవ్వడియే చెప్పెడిది. ప్రదక్షిణము చేయువాడు కన్నులు సగము మూసి నామజపము చేయుచుండును. వాని వెనుకకు ఈ రథము పిల్లివలె వచ్చును. ఐరోపా దేశములలో 2019 జూలై నుండి క్రొత్తరకము విద్యుత్కారులు మెల్లగ పోవునపుడు కృత్రిమముగనైనను శబ్దము చేయవలెనని నియమించిరి. మన చిన్నబండికి అంత ఏర్పాటు లేకున్నచో ఒక గంట కట్టుడు. జనములో నడక వేగము మించకుడు. వెనుకకు పోవునపుడు దిగి చూచిన తరువాతనే పొండు. తొలగుడని కేకవేసినవానికి మాత్రమే మనువు మినహాయింపు నిచ్చెను. మౌనముగ గ్రుద్దినవానికి ఇయ్యలేదు.

ఇక వచ్చునది మహర్నవమి. ఆయుధపూజ. ఇందులో చెప్పవలసినది ఎక్కువ యున్నది, ఏలయన ఇది నా శాఖ.

మన బండ్లలో పెక్కింటికి ఆమ్లముతో పనిచేయు సీసపు బ్యాటరీలున్నవి. ఛార్జింగు చేయునపుడు వానినుండి హైడ్రోజన్ వాయువు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో నూటికి నాలుగు పాళ్ళు చేరినచాలును, ఒక్క నిప్పురవ్వకు అంటుకొని బ్రేలును. అట్టిచోట కర్పూరహారతి తిప్పరాదు. ధూపము, అగరువత్తి, దీపపుకుందె బ్యాటరీ పెట్టె దరికి తేరాదు. పూజకు గంట ముందే ఛార్జరు తీసివేసి, బండిని ఆరుబయటకు తెచ్చి నిలుపుడు. హారతి బండి ముందుభాగమునకు, దూరమునుండి ఇయ్యుడు.

కొందరు ఆ నాడు బండిని రబ్బరుగొట్టముతో తలస్నానము చేయింతురు. నీరు మోటారులోను, కంట్రోలరులోను, ఛార్జింగు రంధ్రములోను చేరి తరువాత ఏనాడో చెరుపు చేయును. తడిగుడ్డతో తుడుచుట చాలును. పసుపునీళ్ళు, కుంకుమ వైర్లమీదను, బ్యాటరీ కొనలమీదను చల్లరాదు. పూజకు లోపము కాదా యని అడుగుదురు. కాదు. అభిషేకము విగ్రహమునకు విధి, మోటారుకు కాదు. వాహనమునకు ప్రోక్షణము చాలును. ప్రోక్షణమునకు దర్భకొనతో చల్లిన నాలుగు బిందువులు చాలును. అర్చకుడెవరైన ఒప్పుకొననిచో నా పేరు చెప్పుడు, నేను వచ్చి మాటలాడెదను.

చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి త్రొక్కించునపుడు ముందు జనము నిలువరాదు. సంతోషములో కాలు గట్టిగ పడును.

పూజ యేడాదికొక్కనాడు. సేవ ప్రతిదినము. భారతమున ద్రోణపర్వములో జయద్రథుని వధింపవలసిన దినము మీకు తెలిసినదే. సూర్యుడు పడమటికి వ్రాలుచున్నాడు. ఆ సంకటములో శ్రీకృష్ణుడు గుఱ్ఱములు అలసినవని చెప్పి, యుద్ధభూమి నడుమ వానిని విప్పి, గ్రుచ్చుకొన్న బాణములు పెరికి, ఒడలు తోమి, నీరు త్రాపి, మరల పూన్చెను. అర్జునుడు బాణములతో నేలను చీల్చి నీటిమడుగు చేసియిచ్చెను. జగన్నాథునికి అంతటి తొందరలో దొరికిన సమయము మనకు చెత్తబండి బయలుదేరుటకు ముందు దొరకదట!

ఉదయమున చక్రములలో గాలి, బ్రేకు, దీపములు, గంట చూడుడు. సాయంకాలము బండి వచ్చిన వెంటనే ఛార్జింగు పెట్టకుడు, అరగంట చల్లారనిండు. మన వేసవిలో ఇది మరింత ముఖ్యము. వేడి పది డిగ్రీలు పెరిగినచో సీసపు బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమగునని చెప్పుదురు. శక్తి పూర్తిగ ఉడుగువరకు తోలకుడు. నూటికి ఇరువది మిగిలియుండగనే గృహమునకు చేరుడు. ఉడిగిన బ్యాటరీని దినముల తరబడి అట్లే వదలినచో లోపలి పలకలు గట్టిపడి చచ్చును.

సీసపు బ్యాటరీకి నీరు పోయుట ఒక విద్య. డిస్టిల్డ్ నీరే పోయవలెను. బోరునీరు గాని, తీర్థమని గోదావరిజలము గాని పోయరాదు. ఆమ్లము ఎన్నడును పోయరాదు. ఛార్జింగు నిండిన తరువాత గుర్తువరకు నింపవలెను. ముందుగనే నింపినచో వేడికి పొంగి పొరలును. పలకలు బయటపడి యున్నచో మాత్రము అవి మునుగునంత ముందు పోసి, తక్కినది తరువాత పోయవలెను. కొనలమీద పేరుకొన్న తెల్లని పొడిని వంటసోడా కలిపిన నీటితో తోమవలెను. ఆ నీరు మూతలలోనికి పోరాదు. కంటికి అద్దములు, చేతికి రబ్బరు తొడుగులు తప్పవు. ఆమ్లము కంట పడినచో పదునైదు నిమిషములు ధారగ నీటితో కడిగి ఆసుపత్రికి పొండు. బంగారు ఉంగరము, లోహపు గాజు, మెడగొలుసు తీసి పనిచేయుడు. పానాకును, కొనకును నడుమ చిక్కినచో ఉంగరము క్షణములో ఎఱ్ఱగ కాలి వ్రేలిని తినివేయును. నూలు జందెముతో భయము లేదు.

ఈ అద్దములు, తొడుగులు తోలువారే కొనుక్కొనవలెనని ఒకచోట విన్నాను. వారి వేతనము మీకును తెలియును, నాకును తెలియును. అది వారిచేత కొనిపించుట ధర్మము కాదు. హుండీ లెక్కలో ఒక వరుస దీనికి కేటాయింపుడు.

క్రొత్తగా వచ్చిన బండ్లలో లిథియం బ్యాటరీలు కలవు. వానికి నీరు పోయు పని లేదు. కాని దాని ఛార్జరు దానికే. ఒకదాని ఛార్జరు మరియొకదానికి పెట్టరాదు. ఉబ్బినను, గట్టి దెబ్బ తగిలినను, వాననీటిలో మునిగినను ఛార్జింగు పెట్టక, బండిని ఇండ్లకు దూరముగ నిలిపి కంపెనీవారిని పిలువుడు. 2022 ఏప్రిల్‌లో మన పొరుగున నిజామాబాదులో ఒక ఇంట ఛార్జింగులోనున్న స్కూటరు బ్యాటరీ ప్రేలి ఎనుబదియేండ్ల వృద్ధుడు మరణించెను. అదే యేడు సెప్టెంబరులో సికింద్రాబాదున క్రింద విద్యుత్ ద్విచక్రముల దుకాణము, మీద వసతిగదులు గల భవనమున మంటలు లేచి, పొగ పైకి ఎగబ్రాకి ఎనిమిదిమంది చనిపోయిరి. మీద నిద్రించినవారికి క్రింద ఏమున్నదో తెలియదు.

ఒక క్షేత్రమున నేను కన్నులార చూచినది చెప్పెదను, పేరు చెప్పను. సత్రపు మెట్లక్రింద రాత్రి మూడు బండ్లు ఛార్జింగులో నున్నవి. ప్రక్కన విస్తరాకుల కట్టలు, నూనె డబ్బాలు. పై వసారాలో పిల్లలతో నిద్రించుచున్న యాత్రికులు. వారు దిగుటకు ఆ మెట్లు తప్ప మరియొక దారి లేదు. మన ఆలయమున అట్లు జరుగరాదు. ఛార్జింగు కొట్టము విడిగ నుండవలెను. హైడ్రోజన్ తేలికయై పైకి పోవును గనుక కప్పు దగ్గర కంతలుండవలెను. అక్కడ ఎవరును పరుండరాదు, బీడి కాల్చరాదు. అగ్నిమాపక యంత్రము తలుపు వెలుపల వ్రేలాడవలెను; లోపల నున్నచో మంటలో దూరి తేవలసివచ్చును.

యుద్ధము ముగిసిన సాయంకాలము కృష్ణుడు అర్జునుని ముందు దిగుమనెను. గాండీవముతో, అమ్ములపొదులతో అర్జునుడు దిగిన తరువాత తాను దిగెను. ఆ క్షణమున రథము భస్మమాయెను. అస్త్రములు దానిని ఎప్పుడో దహించియుండెను; బయటికి మాత్రము చెక్కుచెదరక కనిపించినది. శల్యపర్వమునందలి ఈ ఘట్టమును దెబ్బతిన్న లిథియం బ్యాటరీని చూచినప్పుడెల్ల తలచుకొందును. ఆరినదనుకొన్న మంట గంటల తరువాత మరల లేవవచ్చును. బండినుండి పొగ వచ్చినచో ముందు మనుష్యులను దింపి దూరము పంపుడు. 101కి ఫోను చేయుడు. బండిని కాపాడవలెనని తిరిగి లోనికి పోకుడు. బండిని దాత మరల ఇచ్చును.

నేను చెప్పవలసినది ఇంతియే. ఇప్పుడు మన మెకానిక్కు కొట్టమున ఒక బ్యాటరీ మూత తీసి, హైడ్రోమీటరుతో ఆమ్లము బలము చూచుట నేర్పును. ముల్లు 1.26, 1.28 నడుమ నిలిచినచో నిండినదని గుర్తు. ఉంగరములు, గొలుసులు ఇక్కడ మూటకట్టి ఉంచి, ఐదుగురైదుగురుగ రండు. ధర్మకర్తలు కూడ రావలెను. భోజనము తరువాత.